రెండు పాయింట్ల కూత

ఓడిపోయినందుకు కాంతమ్మాళ్‌ను ఎవరూ తిట్టలేదు. ఏడాది పాటు ఆమెను తొలిచిన సంగతి అదే.

ఉడుమలైపేటలో ఒక మహిళా కాలేజీకి ఆమె పద్దెనిమిదేళ్లుగా కబడ్డీ కోచ్. వయసు నలభై తొమ్మిది. పొద్దున ఐదున్నరకల్లా స్కూటీ మీద మైదానానికి వచ్చేస్తుంది. తాను వచ్చేసరికి పిల్లలు మైదానం చుట్టూ నాలుగు చుట్లు పరిగెత్తి ఉండాలి. ఉండరు. ఆ విషయం ఆమెకూ తెలుసు, పిల్లలకూ తెలుసు, అయినా రోజూ అడుగుతుంది, వాళ్లు రోజూ పరిగెత్తామనే చెబుతారు. భర్త దొరైసామికి ఊరి బయట కొబ్బరిపీచు మిల్లు ఉంది. ఆయనకు కబడ్డీ గురించి తెలిసిందల్లా భార్య అన్నం తింటూ చెప్పిందే. అది చాలా ఎక్కువే.

ఆ ముందటేడు మదురైలో మహిళా కాలేజీల ఆహ్వాన కప్పు ఫైనల్లో ఏం జరిగిందో కొంచెం వివరంగా చెప్పాలి. ఆట అర్థం కాకపోతే ఈమె మొండితనం అర్థం కాదు.

చివరి కూత మిగిలింది. కాంతమ్మాళ్ జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. అవతలి కోర్టులో ఆరుగురు ఉన్నారు. ఆరుగురు గాని అంతకు మించి గాని ఉంటే, కూతకు వెళ్లిన పిల్ల వాళ్ల కోర్టులో లోపలగా ఉన్న బోనస్ గీత దాటి ఒక కాలు మోపి, రెండో కాలు గాలిలో ఉంచిందంటే ఒక పాయింటు. అది బోనస్. దానితో పాటు ఎవరినైనా ముట్టుకుని క్షేమంగా తిరిగొస్తే ఇంకొకటి. అంటే బోనస్ తీసుకుని వచ్చేస్తే ఆట సమం, రెండూ తెస్తే గెలుపు. అత్యాశకు పోయి పట్టుబడితే బోనస్ మనకే ఉంటుంది, పట్టిన పాయింటు మాత్రం వాళ్లకు పోతుంది, ఓటమి ఖాయం.

అప్పుడు కాంతమ్మాళ్ బోనస్ చాలంది. తేన్మొళి అనే పిల్ల వెళ్లి చక్కగా బోనస్ తెచ్చింది. ఆట సమమైంది. సమమైతే ఇరు జట్లూ ఐదుగురిని ఒక్కొక్కరినీ ఒక్కోసారి కూతకు పంపాలి, ఒకే పిల్లను మళ్లీ మళ్లీ పంపడానికి లేదు. కాంతమ్మాళ్ జట్టులో కూతకు పనికొచ్చేది తేన్మొళి ఒక్కతే. ఇంకొకతె ఉంది గానీ ఆమెను సగం కింద లెక్కేసుకోవాలి. తక్కిన ముగ్గురూ పట్టడంలో దిట్టలు, కూతకు పంపితే అవతలివాళ్లకు పండగ. నాలుగు పాయింట్ల తేడాతో ఓడారు.

అందరూ అదృష్టం లేదన్నారు. కాలేజీ ప్రిన్సిపాల్ శాలువా కప్పారు. తల్లిదండ్రులు ఫోన్లు చేసి, అంతదాకా లాక్కొచ్చారు గదా, అదే గొప్ప అన్నారు. కాంతమ్మాళ్‌కు మాత్రం తెలుసు. అదృష్టానికి ఇందులో పనే లేదు. ఐదుగురు కావాల్సిన పోటీలోకి ఒకటిన్నర మందితో వెళ్లింది, అదీ తనంతట తానే, బోనస్ చాలని చెప్పి మరీ.

ఆ ఏడాదంతా ఆమె సాధన ఆటల్లో ఇదే పరిస్థితి పదేపదే పెట్టించింది. ఒక పాయింటు వెనక, చివరి కూత, ఎదుట ఆరుగురు. ఏమైందో ప్రతిసారీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంది. తేన్మొళి రెండూ తేవడం పదిసార్లలో నాలుగుసార్లు జరుగుతోంది. సమం చేసి, ఆ ఐదు కూతల పోటీలో గెలవడం పదిలో రెండు కూడా దాటడం లేదు. రెండు కంటే నాలుగు ఎక్కువని ఒకటో తరగతి పిల్లకైనా తెలుసు. మరి కోచ్‌లంతా ఆ రెండునే ఎందుకు పట్టుకుంటారంటే, సమం చేసి ఓడితే ఆ ఓటమి పిల్లలది, అదృష్టానిది, ఎండది. రెండుకి పోయి ఓడితే అది కోచ్‌ది. ఎవరి పరువు వాళ్లకు తీపి. ఈమెకు తన పరువు మీద కోపం వచ్చింది.

"మళ్లా అట్లనే వస్తే రెండుకే పొమ్మంటా మామా," అంది ఒకరోజు భర్తతో.

"పోయి ఓడితే?"

"తిట్లు నాకు."

"సమం చేసి ఓడితే?"

"సాలువ నాకు."

"సాలువే మేలు గదా కాంతా," అన్నాడు దొరైసామి. "తిట్లు కప్పుకోనుండా కాదు, పరుచుకోనుండా కాదు."

ఆమె నవ్వలేదు. ఈసారి కప్పు గెలవాలి, అదీ తన నిర్ణయంతో గెలవాలి. ఆమెకు కావలసింది అంతే.

జట్టుకు ఒక అలవాటు ఉంది. కోర్టు బయటినుంచి కాంతమ్మాళ్ సూచనలన్నీ తెలుగులోనే అరుస్తుంది. ఆమె ఇంట్లో మాట తెలుగు. జట్టులో సగం మందికీ ఇంటిమాట అదే, మిగతావాళ్లు నెలా రెండు నెలల్లో పట్టేసుకుంటారు. తెలుగులో ఒక్క అక్షరం కూడా రాయలేని పిల్లలు తెలుగులో ఆట ఆడేవాళ్లు. తిరుప్పూరు, ఈరోడు జట్లు బిత్తరపోయి చూసేవి. వేరే కోచ్‌లు చేతి సైగలూ అంకెలూ నేర్పించి చచ్చేవాళ్లు, ఈమెకు ఆ బాధ లేదు. అవ్వల కాలంనుంచి వంటింట్లో దాచుకున్న మాట మైదానంలో ఇలా అక్కరకొస్తుందని ఎవరనుకున్నారు?

ఈ ఏడు మళ్లీ ఫైనల్‌కు చేరారు. ఎదుట ఉన్నది మదురైకి పడమటనున్న కంబం లోయనుంచి మొదటిసారి వచ్చిన కాలేజీ. కంబం పక్క తెలుగు ఇళ్లు ఉన్నాయని కాంతమ్మాళ్‌కు తెలియదా అంటే, ఎందుకు తెలియదు? సొంత ఆడబిడ్డను ఇచ్చింది ఆ పక్కకే. ఏడాదికి రెండుసార్లు ద్రాక్షపళ్ల బుట్టలు వస్తాయి. కానీ మైదానంలో అడుగుపెట్టాక చుట్టూ ఉన్నది తమిళం, తన నోట ఉన్నది తెలుగు. ఇన్నేళ్లుగా ఆ గోడ కూలలేదు, కూలగలదని అనుమానం కూడా రాలేదు.

మదురైలో మాట్టుతావణి బస్టాండుకు అవతల ఉన్న ఒక మైదానంలో, ఉదయం పదకొండు గంటలకు ఆట మొదలైంది. కంబం జట్టులో ఎడమ మూల కాసే పిల్ల షణ్ముగప్రియ పొట్టిది, గట్టిది. ఎవరు కూతకు వచ్చినా ముందే కనిపెట్టినట్టు జరుగుతోంది. మంచి ఆటకత్తె అని కాంతమ్మాళ్ మనసులోనే మెచ్చుకుంది కూడా. సగం ఆటకు రెండు పాయింట్లు వెనక, తర్వాత సమం, తర్వాత మళ్లీ ఒకటి వెనక. చివరికి ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. ఆఖరి కూత. అవతల ఆరుగురు.

కథ రాసేవాడు ఇలా కల్పిస్తే అతికించినట్టుంది అంటారు. ఒకటి రెండు పాయింట్ల తేడాతో నడిచే ఆటలో ఇది వింతేమీ కాదు.

కాలేజీ ఆఫీసునుంచి జట్టుకు తోడు వచ్చిన ప్రభాకరన్ ఆమె పక్కకు జరిగి, "బోనస్ పోదుం మేడమ్, బోనస్ పోదుం," అన్నాడు తమిళంలో. బోనస్ చాలట. జట్టును పక్కకు పిలిచి మాట్లాడే అవకాశాలు అప్పటికే వాడేశారు. అరవడమే మిగిలింది.

కాంతమ్మాళ్ గొంతు చించుకుని అరిచింది. "తేనూ, రెండూ తేవాల. ఎడమ మూల పిల్ల నీ కాలికొస్తాది. అది వొంగతానే దాని చెయ్యి తట్టి వచ్చేయి."

తేన్మొళి కూత పెడుతూ వెళ్లింది. కుడికి ఊగి, ఎడమకు మళ్లి, గీత దాటి కాలు మోపింది. బోనస్ వచ్చింది. ఇప్పుడు షణ్ముగప్రియ వంగి కాలు పట్టుకోవాలి. ఆ ఆటలో నాలుగుసార్లు అలాగే వంగింది. ఈసారి వంగలేదు. ఒక అడుగు వెనక్కి వేసి నిలబడింది. తేన్మొళి ఆమె చేతికోసం ఇంకా లోపలికి చాచింది, అందలేదు. ఆలోగా పక్కనున్న ఇద్దరు చేతులు కలుపుకుని వచ్చి నడుము దగ్గర చుట్టేశారు. వాళ్లను ఈడ్చుకుంటూనే వచ్చింది గానీ, మధ్యగీతకు జానెడు దూరంలో కూత ఆగిపోయింది. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది.

తిట్లు ఆలస్యం చేయలేదు. ప్రభాకరన్ అక్కడే నిలబడి ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసి, సమం చేసుకోవచ్చని తాను చెప్పిన సంగతి రెండుసార్లు చెప్పాడు. ఒక పిల్ల తండ్రి వచ్చి, చేతికొచ్చింది పారేసినారు గదా అన్నాడు. కాంతమ్మాళ్ వాదించలేదు. నిజం చెప్పాలంటే ఆమెకు హాయిగానే ఉంది. ఓడింది గానీ లెక్క తప్పలేదు. పదిలో నాలుగు అంటే ఆరుసార్లు ఓటమే కదా. మళ్లీ అలాగే వచ్చినా ఆమె అదే చేసేది.

ఆ హాయి పది నిమిషాలు ఉంది. మెడలో పతకంతో షణ్ముగప్రియ ఆమెను వెతుక్కుంటూ వచ్చింది.

"అత్తా, మీది ఏ ఊరు?" అంది తెలుగులో.

కాంతమ్మాళ్ ఆ పిల్లను కిందినుంచి పైదాకా చూసింది. "ఉడుమలైపేట," అంది.

"మేమూ తెలుగోల్లమే అత్తా. కంబం పక్కన. మీరు అరుస్తా ఉంటే మా అవ్వే వచ్చినట్టుండె. తోటలో కూలోల్లను అట్లనే అరుస్తాది." పిల్ల ముఖం వెలిగిపోతోంది.

"మొదటినుంచే అర్థమాయనా పాప్పా?"

"ఆమా," అని తల ఊపింది. "మా కోచ్‌కు చెప్పలే, చెప్తే తప్పో ఏమో అనిపించె. అయినా కాలికొస్తాదని మీరు నన్నే అంటిరి గదా, విన్నంక యెట్ల పొయ్యేది? నిలిచిపోతిని."

ఆ పిల్ల వంగి కాళ్లకు దండం పెట్టింది. ఒక ఫోటో అడిగింది. మరొక రోజైతే కాంతమ్మాళ్ ఇంటిపేరూ వంశమూ అడిగి, ఆడబిడ్డకు ఏమవుతారో తేల్చి, ఇంటికి రమ్మని గాని వదిలేది కాదు. ఆ రోజు తల మీద చెయ్యి పెట్టి, బాగుండు తల్లీ అని మాత్రం అంది. ఫోటోలో నవ్వింది కూడా.

రెండు గంటలకు కాలేజీ వ్యాను బయలుదేరింది. ప్రభాకరన్ ముందు సీట్లో నిద్రపోయాడు. తేన్మొళి చివరి వరుసలో కిటికీ పక్కన కూర్చుంది. ఆమెది మూడో సంవత్సరం, ఈ కప్పు ఆమెకు ఇదే ఆఖరు. దిండుక్కల్ దాటేదాకా కాంతమ్మాళ్ తనలో తాను తన్నుకులాడింది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. అందరూ ఆమె నిర్ణయాన్ని తిడుతున్నారు, నిర్ణయం సరైనదే. అసలు తప్పును ఎవరూ పట్టలేదు. కానీ ఊరుకుంటే తేన్మొళి తన చెయ్యి పొడవు చాలలేదని ఏళ్ల తరబడి అనుకుంటుంది. అలా ఒక ఏడాది ఎలా గడుస్తుందో కాంతమ్మాళ్‌కు బాగా తెలుసు.

లేచి, సీటు కడ్డీ పట్టుకుని నిలబడింది. "అందరూ వినండి. ఆ మూల పిల్లకు తెలుగొస్తాది. పొద్దుటినుంచి నేను అరిచిందంతా దానికి అర్థమాయ. తప్పు తేన్మొళిది గాదు. నాది."

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరి వరుసనుంచి తేన్మొళి తల తిప్పింది.

"నాకు తెలుసు మిస్."

"ఏం తెలుసు?"

"మీరు అరిస్తిరి, ఆ పిల్ల మూతి బిగించి నవ్వె. అప్పుడే తెలిసిపోయె. కాలు మోపినంక చూస్తే వెనక్కి నిలిచుండాది. నాకు దారి ఖాళీగా ఉండె. వచ్చేసుంటే సమం."

కాంతమ్మాళ్ గొంతు తగ్గించింది. "తెలిసీ ఏంటికి లోపలికి పోతివి కణ్ణు? వచ్చేసుండొచ్చు గదా. నేను తిట్టుందునా?"

"తిట్టరు మిస్." తేన్మొళి చెప్పాలా వద్దా అని పక్కవాళ్లను చూసింది. వాళ్లు తలలు వంచుకున్నారు. "పోయిన వరుసం నేను సమం చేసి వస్తిని. అప్పుడు కూడా మీరు తిట్టలే. అప్పటినుంచి ఆరు నెలలు నాతో సరిగా మాట్లాడనేలే. నోటులో రాసుకొంటా ఉండిరి. తిట్టుంటే ఏడ్చి మరిచిపోతా ఉంటిని. ఇంకొక సమం నావల్ల కాదు మిస్."

కాంతమ్మాళ్ కడ్డీ వదిలి, ఊగే వ్యానులో మెల్లగా చివరి వరుసదాకా నడిచి వెళ్లి, తేన్మొళి పక్కన కూర్చుంది. మీ అమ్మకు మోకాలి నొప్పి ఎట్లా ఉంది అని అడిగింది. తేన్మొళి చెప్పింది. ఇంకేదో అడిగింది. పళని దాటినా ఆమె అడుగుతూనే ఉంది, ఆట గురించి మాత్రం ఒక్క మాట అడగలేదు.