కంట్రోల్ డిష్

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది జూన్‌లో గుంటూరులోని ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరాను. రీసెర్చ్ స్కాలర్ కంటే ఒక మెట్టు కింది ఉద్యోగం. మిరపకాయకు ఘాటునిచ్చే పదార్థం పెద్దపేగు క్యాన్సర్‌ను రాకుండా ఆపగలదేమో చూడటం మా పని. ఆ పదార్థం నీళ్లలో కరగదు. అందుకని ఒక ద్రావకంలో కలిపి, గాజు డిష్‌లో పెంచిన క్యాన్సర్ కణాల మీద వేస్తాం. పక్కన ఇంకో డిష్‌లో ఉత్త ద్రావకమే వేస్తాం. అది కంట్రోల్. రెండూ పోల్చాకే ఫలితం.

మందు కొట్టని మిరపకాయలు మాకు తెచ్చి ఇచ్చేది వినుకొండ వైపు రైతు ఇమాం బాబాయ్. హైదరాబాద్‌లో పెరిగిన నన్ను చూస్తే ఆయనకు వేళాకోళం. "ఏంది తల్లీ, ఆ ఫోను నీ చేతికి అతికిచ్చారా?" అనేవాడు.

ఒకరోజు డిష్‌లో కణాలన్నీ చచ్చి తేలాయి. మైక్రోస్కోప్‌కు ఫోన్ ఆనించి వీడియో తీసి, "మన మిర్చి దెబ్బకి క్యాన్సర్ ఫినిష్!" అని అరిచి స్టేటస్‌లో పెట్టేశాను. కంట్రోల్ ఇంకా చూడలేదు. "నిజమేనా తల్లీ?" అని బాబాయ్ వాయిస్ మెసేజ్ పంపాడు. బొటనవేలు బొమ్మ కొట్టాను.

మర్నాడు చూస్తే కంట్రోల్‌లోనూ కణాలు చచ్చాయి. రెండింటిలోనూ ద్రావకం కొలత ఎక్కువ వేసింది నేనే. చంపింది మిర్చి కాదు. మా ప్రాజెక్ట్ నడిపే గైడ్ గారు తిడితే ఎదురు తిరిగాను. స్టేటస్ తీసేశాను. అంతటితో అయిపోయిందనుకున్నాను.

మిర్చి సీజన్ అయిపోయాక రాని బాబాయ్ ఎనిమిది నెలల తర్వాత ల్యాబ్‌కు వచ్చాడు. చొక్కా ఒంటి మీద వేలాడుతోంది. పేగులో చిన్న గడ్డ ఉంది, గొట్టం వేసి తీసేస్తామని నా వీడియోకు ముందే డాక్టర్ చెప్పాడట. నా వీడియో చూసి ఆసుపత్రికి వెళ్లడం మానేశాడు. రోజూ మిరపకాయలు నమిలాడు. ఆ గడ్డలో అప్పటికే మొదలైన క్యాన్సర్ ఇప్పుడు కాలేయానికి పాకింది. ఆపరేషన్ లాభం లేదన్నారు.

"డాక్టర్ చెప్పాక నా స్టేటస్ చూసి ఆగిపోతావా? బుద్ధుండక్కర్లా?" అని అరిచాను.

ఆయన అరవలేదు. "అది తప్పని నీకెప్పుడు తెలిసింది?"

"మర్నాడే."

"ఒక్క ఫోన్ కొట్టకపోయావా తల్లీ? ఎప్పుడూ చేతిలోనే ఉంటది గదా."

మిర్చి కోతలు మొదలయ్యేలోపే బాబాయ్ పోయాడు. నేను ఉద్యోగం మానేశాను. మొక్కల్లోని పదార్థాలు ఈ జబ్బును ఆపుతాయో లేదో మనుషుల్లో ఏళ్ల తరబడి పరీక్షిస్తేగానీ తేలదు. నాకు తేలింది ఇంతే: కంట్రోల్ చూడకముందు చెప్పేది ఫలితం కాదు. తప్పని తెలిశాక చెరిపేస్తే చాలదు, నమ్మినవాళ్లకు చెప్పాలి. నేను చెప్పలేదు.