హాస్టళ్ల సందులోకి పోయిన బండి

ఆ ఆదివారం పొద్దున లింగమూర్తి బండిని ట్రాన్స్‌ఫార్మర్ మూల దగ్గరే ఆపేయగలిగేవాడా? ఆపగలిగీ ఆపలేదా, లేక ఆపడం అతని వల్ల కాలేదా? పక్కనే నిలబడి చూశాను. ఇన్నాళ్లూ ఆలోచించాను. తెలియలేదు.

లింగమూర్తి మాదాపూర్ వైపు ఒక స్టేషన్‌లో ఫైరింజన్ డ్రైవర్. హఫీజ్‌పేట్ ఇంకా పల్లెటూరుగా ఉన్నప్పుడు అక్కడ పుట్టినవాడు. అతని ఇంటి పై వాటాలో నేను చాలా ఏళ్లుగా కిరాయికి ఉంటున్నాను. డ్యూటీ లేని సాయంత్రాలు మెట్లెక్కి వచ్చి, నేను చదువుకుంటుంటే ఎదురుగా కూర్చునేవాడు. పుస్తకం మూసేదాకా నోరు మెదిపేవాడు కాదు. మూశానంటే ఇక బండ్ల సంగతులే.

కింది నుంచి అతని భార్య సక్కుబాయి గొంతు వినిపించేది.

"అన్నా, ఆయన ముచ్చట్లు నమ్మకు! ఇంట్ల స్కూటర్ తీసుకపోయి గేటుకు గుద్దుతడు. బయట గంత పెద్ద ఫైరింజన్ తోల్తడంట!"

తోలేవాడు. అతన్ని మించిన చెయ్యి నగరంలో లేదని పై అధికారులే అనేవారు. అందుకే కొత్త బండ్లు కొనే ప్రతిసారీ అతనికి పిలుపు వచ్చేది.

ఫైరింజన్ కొనడం కారు కొనడంలాంటిది కాదు. ఇంజనూ చక్రాలూ ఒక కంపెనీవి. వాటి మీద ట్యాంకూ పంపూ నిచ్చెనా కట్టి ఇచ్చేది ఇంకో కంపెనీ. డిపార్ట్‌మెంట్ తనకేం కావాలో రాసి టెండర్ పిలుస్తుంది. ముందుకొచ్చిన ప్రతి కంపెనీ ఒక బండి తెచ్చి చూపించాలి. పంపు నీళ్లు ఎంత ఎత్తుకు కొడుతుందో, నిచ్చెన ఊగకుండా నిలుస్తుందో లేదో స్టేషన్ ఆవరణలో చూస్తారు. ఆ తర్వాత సందు పరీక్ష. అన్నీ నెగ్గిన వాటిలో తక్కువ ధరకు ఇస్తానన్న కంపెనీకి ఆర్డర్.

ఆ సందు సాఫ్ట్‌వేర్ కంపెనీల అద్దాల మేడల వెనక ఉంది. మేడల్లో పనిచేసే పిల్లలు ఉండే హాస్టళ్లన్నీ అందులోనే. సగం దూరం వెళ్లాక, ఒక పక్క మురుగునీటి మోరీ, ఇంకో పక్క కంచె కట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న చోట మోచేయిలా వంగుతుంది. ఆ వంపు తిరిగి లోపలికి వెళ్తే బండి నెగ్గినట్టు.

ఒక ఏడాది సందు పరీక్షకు రెండు కంపెనీలు మిగిలాయి. ఒకరిది పొట్టి బండి, లింగమూర్తి ఎక్కి కూర్చుంటే ఆటోలా తిరిగింది. రెండోవారిది పొడుగు బండి. నీళ్లు ఎక్కువ పడతాయి, ధర కూడా తక్కువేనని వినికిడి. దాన్ని కంపెనీ డ్రైవరే ముందు తోలాడు. మూల దగ్గర ఇరుక్కుని, చెమటలు కక్కుతూ వెనక్కి తీశాడు. చూసేవాళ్లు నవ్వారు. బండ్లు ఎంచే కమిటీ అధికారి వెంకటనారాయణగారు కూడా, "ఇది మన సందులకు పనికి రాదండీ" అనేశారట. కథ అక్కడితో అయిపోవాల్సింది.

"దిగు బిడ్డా," అన్నాడట లింగమూర్తి ఆ డ్రైవర్‌తో.

ఆ సాయంత్రం నా బల్ల మీద నాలుగు పుస్తకాలు నిలబెట్టి సందు కట్టాడు. నా కళ్లజోడు పెట్టె ఫైరింజన్.

"ఇగ చూడు సార్. వెనక చక్రం మోరీ అంచు మీద కూసోవాలె. అద్దం మడిచెయ్యాలె. కంచె గీసుకుంటదనిపిస్తది, గీసుకోదు. గప్పుడు తిప్పాలె. సర్రున పోయింది!"

"మిగతా డ్రైవర్లు తిప్పగలరా?" అన్నాను.

"ఆళ్లతోటి యాడైతది సార్!" అని హాయిగా నవ్వాడు.

బండి సందులోకి వెళ్లిందని కమిటీ రాసుకుంది. ఎవరు తోలితే వెళ్లిందో రాసుకునే అలవాటు వాళ్లకు లేదు. పొడుగు బండ్ల కంపెనీకి ఆర్డర్ వెళ్లింది. వాటిలో మొదటిది ఆ స్టేషన్‌కే వచ్చింది. లింగమూర్తి ఒక షిఫ్టు తోలేవాడు. ఇంకో షిఫ్టు సాయిచంద్‌ది.

సాయిచంద్ సక్కుబాయి తమ్ముడి కొడుకు. తండ్రి పోయాక మేనత్త ఇంట్లోనే పెరిగాడు. లింగమూర్తే డ్రైవింగ్ నేర్పి, వెంటపడి పరీక్ష రాయించి ఉద్యోగంలో పెట్టించాడు. పెళ్లై చందానగర్‌లో కాపురం. భార్య వాసంతి అప్పుడు నిండు నెలలతో ఉంది.

ఒక మధ్యాహ్నం ఆ సందులోనే ఒక హాస్టల్ వంటగదిలో గ్యాస్ అంటుకుంది. సాయిచంద్ డ్యూటీ. బండి మూల దగ్గర ఇరుక్కుంది. ముందుకు పోదు, వెనక చేరిన జనం వల్ల వెనక్కి రాదు. సిబ్బంది పైపులు భుజాన వేసుకుని పరిగెత్తారు. హాస్టల్ పిల్లలు బయటపడ్డారు. వంట చేసే నర్సమ్మ బయటపడలేదు.

పేపర్లలో వచ్చింది. విచారణ వేశారు. బండిది తప్పయితే, దాన్ని ఎంచినవారిదీ, కట్టిన కంపెనీదీ తప్పవుతుంది. డ్రైవర్‌ది తప్పయితే సాయిచంద్ ఒక్కడిదే. తేల్చడానికి అదే సందులో, అదే బండితో, లింగమూర్తి చేతే మళ్లీ తోలించి చూడాలని నిర్ణయించారు. దానికి ముందు రోజు సాయిచంద్ లింగమూర్తి ఇంటికి వచ్చాడు. నేను కిందే ఉన్నాను.

"నీతోటి తోలిపిచ్చి కొన్నరు మామా. నాతోటి తోలిపిస్తున్నరు," అన్నాడు. కోపం లేదు, అలసట ఉంది.

లింగమూర్తి తల దించుకుని టీ తాగుతున్నాడు. సక్కుబాయి ఆ కప్పు లాగేసుకుంది.

"ఆ మూల కాడ ఆపెయ్. ఇది పోదు సార్ అను. గంతే. పోరని నౌకరి నిలబడ్తది. ఏమయ్యా, ఇనబడ్తుందా?"

"ఆపుత," అన్నాడు.

ఆదివారం నేనూ వెళ్లాను. సందులో బైకులన్నీ తీయించారు. జనాన్ని తాడు కట్టి ఆపారు. మంటల రోజున ఎలా ఉందో అలా ఒక్కటీ లేదు. లింగమూర్తి బండెక్కాడు. గోడ వారన సాయిచంద్.

బండి మెల్లగా వచ్చింది. మూల దగ్గర ఆగింది.

అమ్మయ్య అనుకున్నాను. లింగమూర్తి స్టీరింగ్ మీద చేతులు పెట్టి కూర్చున్నాడు. ఇక తలుపు తీయాలి, దిగాలి, ఒక మాట చెప్పాలి.

వెంకటనారాయణగారు కిటికీ దగ్గరికి వెళ్లారు.

"ఏమయ్యా, చెయ్యి పడిపోయిందా? చేతకాకపోతే చెప్పేయ్, కంపెనీ డ్రైవర్ని పిలుద్దాం!"

కంపెనీ తరఫున వచ్చినవాళ్లలో ఒకరు కిసుక్కున నవ్వారు.

లింగమూర్తి చెయ్యి బయటికి వచ్చింది. అద్దం మడిచింది. వెనక చక్రం మోరీ అంచు మీదికి ఎక్కింది. కంచె గీసుకుంటుందనిపించింది, గీసుకోలేదు. ఒక్క తిప్పు. బండి మొత్తం సందులోకి వెళ్లిపోయింది.

కంపెనీవాళ్లు చప్పట్లు కొట్టారు. లింగమూర్తి దిగాడు. సొమ్మసిల్లి లేచినవాడిలా చుట్టూ చూశాడు.

"మస్తు తోల్నవ్ మామా," అన్నాడు సాయిచంద్. తాడు దాటి వెళ్లిపోయాడు.

అతని ఉద్యోగం పోయింది. డిపార్ట్‌మెంట్ అదే కంపెనీకి మళ్లీ ఆర్డర్ ఇచ్చింది. సాయిచంద్‌కు బిడ్డ పుడితే ఇరవై ఒకటో రోజున పేరు పెట్టే వేడుకకు మేనత్తను ఒక్కదాన్నే పిలిచారు. సక్కుబాయి తిరిగి వచ్చాక భర్త మాటలు నమ్మొద్దని కింది నుంచి ఎప్పుడూ అరవలేదు. ఆమె మొగుడితో మాట్లాడటమే తగ్గించేసింది. లింగమూర్తి పైకి వచ్చేవాడు. పుస్తకం మూసినా మాట్లాడేవాడు కాదు. ఒకసారి నేనే అడిగాను, ఆ ఆదివారం వెంకటనారాయణగారు అన్న మాటకు పౌరుషం వచ్చిందా అని.

"ఏం మాట సార్?" అన్నాడు. అతని ముఖం చూస్తే అబద్ధమని అనిపించలేదు.

అతని రిటైర్మెంట్‌కు స్టేషన్‌లో టెంటు వేశారు. వెళ్లిపోయే డ్రైవర్ చివరిసారి బండిని షెడ్డులోంచి తీసి, సైరన్ మోగించి, గేటు దాకా తోలి, మళ్లీ వెనక్కి తెచ్చి పెట్టడం అక్కడి ఆనవాయితీ. ఆ తర్వాతే శాలువా, ఉపన్యాసాలు, బిర్యానీ. పొడుగు బండికి బంతిపూల దండలు కట్టారు. ముందు వరసలో సక్కుబాయి పట్టుచీర కట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా కూర్చుంది. వెంకటనారాయణగారు శాలువా మడత విప్పి సిద్ధంగా ఉన్నారు.

లింగమూర్తి బండి తీశాడు. సైరన్ మోగించలేదు. గేటు మధ్యలో ఆపాడు. వెనక్కి తెస్తాడని అందరం చూస్తున్నాం. ఇంజన్ ఆగలేదు. తలుపు తెరుచుకుంది. దిగి, టోపీ తీసి సీటు మీద పెట్టాడు. మా వైపు తిరగలేదు. బండికీ గేటు స్తంభానికీ మధ్య పక్కకు ఒరిగి బయటపడి, రోడ్డు మీది జనంలో కలిసిపోయాడు.