మావయ్య కనిపించని స్టాంపు

మొన్న మా మధురవాడ అపార్టుమెంటులో పై అంతస్తాయన తన స్టాంపుల ఆల్బమ్ పట్టుకొచ్చి, "మీరు పనిచేసిన యూనివర్సిటీయే కదండీ?" అంటూ ఒక పేజీ తెరిచారు. చూద్దును కదా, రెండు వేళ్ళ వెడల్పు కాగితం మీద మా పాత బాయిలర్ షెడ్డు! కాఫీ చల్లారిపోయేదాకా దాన్నే చూస్తూ ఉండిపోయాను. ఆయనేమో నేను మురిసిపోతున్నాననుకున్నారు.

ఎనభైల మొదట్లో సంగతి. ఊరికి ఆ పక్క స్టీలు ప్లాంటు లేస్తోంది, ఈ పక్క మా టెక్నికల్ యూనివర్సిటీ ఉత్సవాలకు ముస్తాబవుతోంది. అక్కడ నేను టెంపరరీ టైపిస్టును. ఆ ఉద్యోగం చూపించింది మా మావయ్య, అమ్మకు సొంత తమ్ముడు. పద్మనాభం దగ్గర పొలం వదిలి వచ్చి, విద్యార్థులకు ఆవిరి యంత్రం చూపించే ల్యాబులో బాయిలర్ చూసుకునేవాడు. చదివింది ఐదో క్లాసు. పాఠం చెప్పే ప్రొఫెసరు ఎక్కడైనా తడబడితే మాత్రం వెనకనుంచి మర్యాదగా దగ్గేవాడట. బాయిలర్‌ని 'ముసిల్ది' అనేవాడు. "ముసిల్దానికి ఈయేళ ఒంట్లో బాగోనేదు" అని ఇంటికొచ్చి చెబితే, కొత్తగా కాపురానికి వచ్చిన అత్తయ్య ఎవరో పెద్దావిడ కాబోలనుకుని మిరియాల చారు కాచి ఇచ్చిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం.

పాతబడిందని ఆపేసిన ఆ బాయిలర్ వెలిగించి అప్పటికి రెండేళ్ళు దాటింది. యూనివర్సిటీ చరిత్ర మీద తపాలా స్టాంపు వస్తుందని, అందుకు షెడ్డు ఫొటో కావాలని, ఇంజను తిరుగుతూ చిమ్నీలోంచి పొగ రావాలని కబురొచ్చింది. మావయ్య నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "పెజర్ ఎక్కువైతే దానంతటది తెరుసుకోవాల్సిన వాల్వు బిగిసిపోనాదమ్మా. సుత్తెట్టి కొట్టినా కదల్నేదు. ఎలిగించకూడదని కాయితం రాసెట్టు." కార్బన్ పెట్టి రెండు కాపీలు కొట్టాను. ఉత్సవాలు చూసే ఆఫీసరు అది చదివి, "పది నిమిషాల పనికి ఇంత భయమా? నువ్వు కాకపోతే ఇంకొకరు వెలిగిస్తారు" అన్నారు. ఆ ఇంకొకరికి ముసిల్దాని సంగతి తెలీదు. అందుకే మావయ్య ఒప్పుకున్నాడు.

ఫొటో తీసే రోజు ఉదయం ఆకు కదల్లేదు. సముద్రం పక్కనే ఉన్న ఊళ్ళో గాలి అలా స్తంభించడం నేనెరగను. షెడ్డు ముందు ముప్ఫైమంది విద్యార్థుల్ని తెల్లచొక్కాలతో వరసగా నిలబెట్టారు. మావయ్య బయటికొచ్చి నన్ను చూసి, "నువ్వెల్లి ఆఫీసులో కూకో. ఎందుకని అడక్కు" అన్నాడు. నేను సైకిల్ స్టాండు దాకా వెళ్ళి ఆగిపోయాను. ఇంజను తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. కాసేపటికి ఆ చప్పుడు కింద ఇంకో చప్పుడు మొదలైంది. సన్నగా, పళ్ళు కొరుకుతున్నట్టు. షెడ్డు కిటికీ అద్దాలు గజగజలాడాయి.

"లగెత్తండ్రా!" అని లోపల్నుంచి కేక. పిల్లలు నవ్వారు. మావయ్య బయటికొచ్చి ముందున్నవాణ్ణి రెండు చేతులతో నెట్టేశాక గానీ వాళ్ళు పరిగెత్తలేదు. ఆయన మాత్రం మళ్ళీ లోపలికి వెళ్ళాడు. ఎర్రటి బొగ్గుల్ని పారతో బయటికి లాగడం, తర్వాత వంగి, నీళ్ళూ ఆవిరీ బయటికి వదిలేసే అడుగు చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని తిప్పడం తలుపులోంచి నాకు కనిపించింది. అంతే, తలుపులోంచి, కిటికీల్లోంచి, పెంకుల సందుల్లోంచి తెల్లటి ఆవిరి తన్నుకొచ్చింది. బాయిలర్ పేలలేదు. దూరంగా పరిగెత్తిన ఫొటోగ్రాఫరు వెనక్కి తిరిగి, అలవాటు కొద్దీ కెమెరా నొక్కాడు.

మావయ్య ప్రాణం దక్కింది, చేతులు దక్కలేదు. మోచేతుల దాకా కాలి, వేళ్ళు ముడుచుకుపోయాయి. విచారణ పెట్టారు. ముందుగా రాసిచ్చిన కాగితం ఫైల్లో లేదు. కార్బన్ కాపీ నా డ్రాయరులో ఉంది. నన్ను పర్మనెంటు చేసే కాగితం ఆ ఆఫీసరు టేబుల్ మీద ఉంది. మూడు రోజులు ఆ డ్రాయరు తెరవలేదు. ఆ మూడు రోజులూ విచారణవాళ్ళు ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని, "తప్పు నీదే కదా, ఒప్పుకో" అని మావయ్యను అడుగుతూనే ఉన్నారని అత్తయ్య ఏడ్చింది. నాలుగో రోజు కాపీ తీసుకెళ్ళి విచారణవాళ్ళ ముందు పెట్టాను. మావయ్య మీద మాట పడలేదు, ఆయన్ని స్టోర్స్‌కి మార్చారు. నా ఉద్యోగం ఆ నెలాఖరుతో సరి.

మరుసటేడు స్టాంపు విడుదల సభలో ఇద్దరం ఆఖరి వరసలో కూర్చున్నాం. ఆవిరి కమ్మిన ఆ ఫొటోతోనే వేసిన స్టాంపు నేనే పట్టుకుని చూపించాను.

"ఇందల నానేడున్నానమ్మా?"

"ఈ తెల్లగా ఉంది చూడు మావయ్యా, ఇందులో."

చాలాసేపు చూశాడు. "బాగానే తీసినాడు" అన్నాడు.

మావయ్య పోయి పాతికేళ్ళు దాటింది. ఇప్పుడు నా వయసు ఆయన పోయిన వయసు కంటే పెద్దది. ఆ మూడు రోజులు ఎందుకు ఆగావని ఆయన ఏనాడూ అడగలేదు. అడుగుతాడేమోనని చూస్తుండగానే ఆయనున్న ఏళ్ళన్నీ గడిచిపోయాయి.