గోడ పక్క వైసు

ఫిట్టరు షెడ్డు వాసన లోకంలో ఎక్కడైనా ఒకటే. ఇనుప రజను, నూనె, చెమట, వాటన్నిటి మీదా కిటికీలోంచి వాలే ఎండ. చప్పుడూ అంతే. ముప్పై ఆకురాళ్లు ముప్పై ఇనుప దిమ్మల మీద ఒకేసారి నడిస్తే పుట్టే గరగర కొత్తవాళ్లకు చెవిపోటు, అలవాటైనవాళ్లకు జోలపాట. ఫిట్టర్ మేడమ్‌కి ఇప్పుడు అరవై దాటాయి. పక్కింట్లో ఎవరైనా మాడిన గిన్నె గీకుతుంటే చదువుతున్న పేపర్లోంచి తలెత్తి, "ఒత్తిడి ఎక్కువైంది" అంటుంది, అక్కడ వినేవాళ్లు ఎవరూ లేకపోయినా.

ఆవిడ పాఠం చెప్పిన ఐటీఐ షెడ్డులో మేడమ్ అన్న మాట ఆవిడతోనే మొదలైంది. అంతకుముందు అందరూ సార్లే. మొదటిరోజు పిల్లలు చేతులు జోడించి "నమస్తే సార్" అన్నారు. అలవాటు కొద్దీ అన్నారో, వేళాకోళానికి అన్నారో ఆవిడకు ఇప్పటికీ తేలలేదు.

అప్పుడావిడకు ఇరవై మూడు. వాళ్ల నాన్న మిల్లులో మేస్త్రీ. కూతురికి అక్షరాలకన్నా ముందు ఆకురాయి చేతికిచ్చాడు. అందుకని పని చేతిలో ఉంది. గొంతే లేదు. పిట్టగొంతు. ఆ గొంతుతో పాఠం చెబితే మొదటి వరసకే చేరేది కాదు.

"మూడు నెలలు చూద్దామమ్మా" అన్నాడు ప్రిన్సిపాలు, చేర్చుకునేటప్పుడే. "క్లాసు నీ చేతికొస్తే సరే. రాకపోతే స్టోరు గదిలో కుర్చీ ఖాళీగా ఉంది. అక్కడ నీకు ఏ ఇబ్బందీ ఉండదు. బోల్టులు ఎదురు చెప్పవు."

మనుషుల్ని అదుపులో పెట్టడం గురించి పాతకాలం నుంచీ గ్రంథాలకు గ్రంథాలు రాశారు. రాజుకు కిరీటం, సేనాపతికి గుర్రం, పంతులుకు బెత్తం. ఆవిడకు దక్కింది ఒక నీలం కోటు, అదీ రెండు సైజులు పెద్దది. పక్క షెడ్డులో ఉరుము సార్ అని ఒకాయన ఉండేవాడు. ఆయన అక్కడ దగ్గితే రెండు షెడ్లూ కిక్కురుమనేవి కావు. ఆవిడ దగ్గితే మాత్రం "మంచినీళ్లు కావాలా మేడమ్?" అని ఆరుగురు పరిగెత్తుకొచ్చేవారు.

"మేడమ్, ఆకురాయికి పళ్లుంటాయన్నారు కదా, కరుస్తుందా?" అని అడిగేవాడొకడు. ఆవిడ శ్రద్ధగా, అది ఇనుముని ఎలా కొరుకుతుందో వివరించేది. దాంతో వాళ్లకు నవ్వు ఇంకా ఎక్కువయ్యేది.

క్లాసులో ఇరవై తొమ్మిది మంది పదిహేడు, పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు. ముప్పయ్యో మనిషికి ముప్పై నాలుగేళ్లు. పనిచేస్తున్న మిల్లు మూతపడితే కొత్త పని నేర్చుకుందామని వచ్చాడు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. అందరూ ఆయన్ని బాబాయ్ అనేవారు. చివర్న చేరాడు కాబట్టి మిగిలిన వైసు, అంటే దిమ్మని కదలకుండా బిగించే ఇనుప పట్టు, ఆయనకిచ్చారు. చిట్టచివరి బల్ల మీద, గోడకి ఆనుకుని ఉండేది అది. ఆవిడ బల్ల, నల్లబల్ల తలుపు దగ్గర, ఆవిడ వైసు కాస్త ఇవతల కిటికీ కింద. మధ్యలో ముప్పై మంది. రెండున్నర నెలల్లో ఆవిడ ఆ గోడ దాకా ఒక్కసారీ నడవలేదు. నడిచే ధైర్యం లేదు అనడం న్యాయం.

మూడో నెలలో మొదటి పరీక్ష పెట్టారు. ఇనుప దిమ్మని ఆరు వైపులా చదును చేయాలి. మూలమట్టం ఆనించి కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే సందులోంచి వెలుతురు రాకూడదు. వస్తే జాబ్, అంటే చేసిన పని, పోయినట్టే, కొత్త దిమ్మ తీసుకుని మళ్లీ మొదలుపెట్టాలి. క్లాసులో అందరికన్నా పనిమంతుడు పుర్రచెయ్యి, అంటే ఎడమచేతి వాటం కుర్రాడు. ఇద్దరు వాడి పాత దిమ్మలు అడిగి తీసుకుని తమవని చూపించారు.

ఆవిడ దిమ్మని ఎండలో అటూ ఇటూ తిప్పింది. "గీతలన్నీ ఎడమవైపు నుంచి వాలాయి. మీరిద్దరూ కుడిచేతి వాళ్లు. పట్టుకెళ్లండి" అంది. ఆకురాయి గీతలు చేతిరాత లాంటివి, చదవడం వస్తే ఎవరివో చెప్పేస్తాయి. క్లాసు మొదటిసారి నోరు మూసుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడ కాలు నేల మీద నిలవలేదు. "ముప్పై మందిని ఆడించేశావన్నమాట" అంది అక్క. "నన్ను ఇరవై ఏళ్లుగా ఆడిస్తున్న దానివి, వాళ్లొక లెక్కా?"

మర్నాడు బాబాయ్ తన దిమ్మ తెచ్చి ఇచ్చాడు. నున్నగా, అద్దంలా ఉంది. గీతలు మాత్రం ఎడమవైపు నుంచి వాలాయి.

"ఎవరు చేసిచ్చారు?"

"నేనే చేశానమ్మా."

"ఇవి ఎడమచేతి గీతలు. ఇంత వయసొచ్చి కుర్రాళ్ల చేత చేయించుకోవడానికి సిగ్గుగా లేదూ?" ఆ దిమ్మని తీసి తుక్కు డబ్బాలో పడేసింది. అది చేసిన చప్పుడికి ఆకురాళ్లన్నీ ఆగిపోయాయి.

"నేను చెయ్యలేదు మేడమ్" అన్నాడు పుర్రచెయ్యి.

"నువ్వు కూర్చో."

"ఇక్కడ కూర్చోడానికేం లేదు మేడమ్."

ఎవరూ నవ్వలేదు. బాబాయ్ చేతులు గుడ్డకి తుడుచుకుని, కొత్త దిమ్మ తీసుకుని గోడ దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత రెండు రోజులూ అల్లరి లేదు. ఆవిడ అంతవరకూ కోరుకున్న నిశ్శబ్దం అదే, కాని భరించడం ఆవిడ వల్ల కాలేదు. పని చేసేవారు. అయితే ఒక్కడూ జాబ్ తెచ్చి చూపించేవాడు కాదు. ఉరుము సార్ దగ్గరికి పట్టుకెళ్లేవారు. మూడు నెలల గడువు తీరుతోంది, శనివారం ప్రిన్సిపాలు చూడ్డానికి వస్తాడు.

బుధవారం గంట కొట్టాక ఆవిడ చివరిదాకా నడిచింది. గోడ పక్క వైసు దగ్గర నిలబడి ఆకురాయి పట్టింది. మొదటి లాగుడులోనే కుడి మోచెయ్యి గోడకి తగిలింది. సర్దుకుని మళ్లీ లాగింది. మళ్లీ తగిలింది. చూస్తే అక్కడ, సరిగ్గా మోచేతి ఎత్తున, సున్నం రాలి గోడ ఇటుక రంగు తేలి ఉంది. ఆకురాయి ఎడమచేతికి మార్చుకుంటే తప్ప అక్కడ పని సాగదు.

ఆవిడ తుక్కు డబ్బాలో చెయ్యి పెట్టి దేవుతుంటే ఉరుము సార్ సైకిలు నడిపించుకుంటూ అటు వచ్చాడు.

"ఏం పోయిందమ్మా?"

"నా తప్పొకటి వెతుక్కుంటున్నాను సార్."

"దొరికిందా?"

"దొరికింది."

"అయితే జేబులో వేసుకుని ఇంటికి పో. ఒకసారి దిగామంటే మళ్లీ ఎక్కనివ్వరు వీళ్లు." చెడ్డవాడేం కాదాయన. ముప్పై ఏళ్లు ఉరిమి ఉరిమి, మామూలుగా మాట్లాడటం మర్చిపోయాడంతే.

గురువారం పొద్దున ఆవిడ ఆ దిమ్మని బల్ల మీద పెట్టింది. "ఇది బాబాయ్ గారి జాబ్. పాసయింది. నేనే తప్పుగా చూశాను. ఆయన ఎక్కడ నిలబడి చేస్తున్నారో చూడకుండా మాట అన్నాను. ఈ షెడ్డులో జాబ్ తప్పితే ఏం చేస్తాం?"

పుర్రచెయ్యి, "కొత్త దిమ్మ తీసుకుంటాం" అన్నాడు.

ఆవిడ తీసుకుంది. కిటికీ దగ్గరున్న తన వైసు బాబాయ్‌కిచ్చి, తను గోడ పక్కకి వెళ్లింది. "నాటకం" అన్నారెవరో, వినబడేలాగే. రెండు రోజులు ఎడమచేత్తో పట్టింది. అరచెయ్యి బొబ్బలెక్కింది. శుక్రవారం సాయంత్రం ఆ దిమ్మ తీసుకెళ్లి బాబాయ్ ముందు పెట్టింది.

"చూడండి."

"మీ పని నేను చూడ్డమేంటమ్మా, బాగోదు."

"మూలమట్టం మీ దగ్గరుంది కదా. చూడండి."

క్లాసంతా చుట్టూ మూగింది. బాబాయ్ కిటికీ వైపు ఎత్తి పట్టుకుని ఒక కన్ను మూశాడు. బాగుందని ఆయన అనేస్తే వాళ్లు అనుకున్న నాటకం వాళ్లకు దక్కేది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఆవిడకీ తెలుసు. ఆయన ఒక అంచు చూశాడు, తిప్పాడు, ఇంకో అంచు చూశాడు.

"వెలుతురు కనబడుతోంది మేడమ్."

ఆయన ఆవిడని మేడమ్ అనడం అదే మొదలు.

"ఎక్కడ?"

"మూడో అంచు దగ్గర. వెంట్రుకంత."

ఆవిడ తీసుకుని చూసింది. నిజమే, వెంట్రుకంత. "సరే" అని మళ్లీ గోడ దగ్గరికి నడిచింది. వెనక ఎవడో నవ్వబోతే పక్కవాడు వాడి కాలు తొక్కాడు.

శనివారం పదింటికి ప్రిన్సిపాలు వచ్చాడు. తలుపు దగ్గర బల్ల ఖాళీగా ఉంది. షెడ్డంతా ఒకటే గరగర.

"మీ మేడమ్ ఏరీ?"

"గోడ దగ్గరున్నారు సార్" అన్నాడు పుర్రచెయ్యి. "జాబ్ తిరిగొచ్చింది."

"ఆవిడ జాబా? ఎవరు తిప్పి పంపింది?"

"నేనేనండి" అన్నాడు బాబాయ్.

ప్రిన్సిపాలు ఆయన్ని కింద నుంచి పైదాకా చూశాడు. "ఏం, బాగా రాలేదా?"

"బాగానే వచ్చిందండి. ఇంకొంచెం పట్టాలి. ఇప్పుడు పిలవకండి, చెయ్యి తప్పుతుంది."

ఆ మాట అయిందో లేదో, ఆకురాయి కరుస్తుందా అని అడిగిన కుర్రాడు తన దిమ్మ తీసుకుని ప్రిన్సిపాలు పక్కనుంచే నడిచి, ఆవిడ వెనకాల నిలబడ్డాడు. వాడి వెనక ఇంకొకడు. పిలవకుండా, మాట్లాడకుండా, జాబ్ చూపించుకోవడానికి గోడ వెంబడి వరస కట్టారు. ప్రిన్సిపాలు కాసేపు గుమ్మంలో నిలబడి చూసి వెళ్లిపోయాడు. స్టోరు గదికి వేరే మనిషిని చూడమని గుమాస్తాతో చెప్పాడట. ఆ సంగతి ఆవిడకి సోమవారం గాని తెలియలేదు. శనివారం ఆవిడకు తెలిసినదల్లా మూడో అంచు మీద ఇంకా పనుందని, వెనకాల ఏడుగురు తన చెయ్యి ఖాళీ అవడం కోసం చూస్తున్నారని.