రిబ్బను లేని మంచం

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. జంషెడ్‌పూర్‌లో ఒక ఆసుపత్రి ప్రసూతి వార్డులో నర్సుగా కొత్తగా చేరాను. ప్రమాదం ఉందనుకున్న గర్భిణుల మంచానికి ఎర్ర రిబ్బను కట్టడం మా వార్డు పద్ధతి. ఆ మధ్యాహ్నం బీపీ ఎక్కువున్న ఒకామె మంచానికి రిబ్బను కట్టి, దాని చుట్టూనే కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. పక్క మంచం మీద ఆ ఊళ్లోనే బిర్సానగర్ పేట నుంచి వచ్చిన మన శ్రీకాకుళం అమ్మాయి. అప్పుడే మూడో బిడ్డను కంది. ఆమెకు రిబ్బను లేదు.

“సిస్టరమ్మా, ఓపాలి ఇటు సూడు. మా కోడలికి సెమట్లు పోసేత్తన్నాయి,” అంది ఆమె అత్తగారు.

“మూడో కాన్పేగా, భయం లేదు మామ్మా,” అన్నాను తల తిప్పకుండానే.

కాసేపటికి ఆవిడే వచ్చి నా చెయ్యి పట్టి లాగింది. “ఏటమ్మా, ఆ గుడ్డపేలిక కట్టినోళ్లేనేటి మనుసులు?”

దుప్పటి ఎత్తి చూస్తే పరుపంతా నెత్తురు. డాక్టరమ్మ కోసం కేకపెట్టి, నెత్తురు ఆగాలని ఆమె పొత్తికడుపు మర్దన చేస్తూ నేనే ఏడ్చేశాను. రెండు సీసాల రక్తం ఎక్కాక గానీ ఆమె కళ్లు తెరవలేదు.

హెడ్ సిస్టర్ నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్నేమో. రిటైరయ్యేదాకా, డ్యూటీకి రాగానే ముందుగా రిబ్బను లేని మంచాల దగ్గరికే వెళ్లాను.