ఖాలా నోటి చేదు

హుస్సేనీ ఆలంలో మా పక్కింటి ముసలామెను ఖాలా అని పిలిచేదాన్ని. ఉగాదికి తన వాకిట్లోని వేపచెట్టు పువ్వు ఆమే కోసిచ్చేది. పచ్చడి పంపితే నోట్లో వేసుకుని, మొహం ముడిచి, "యా అల్లా, గింత చేదా!" అని ప్రతియేడూ నవ్వేది.

కరోనా రెండో ఏడు ఆమెకు జ్వరమని తెలిసి, పచ్చడి గిన్నె మా మధ్యగోడ మీద పెట్టి దూరంగా నిలబడ్డాను.

"ఏంది బేటీ, ఈసారి పువ్వెయ్య మర్చినవా? చేదే లేదు!"

పువ్వు దోసిలినిండా వేశాను. రుచి తెలియడం లేదన్న మా గల్లీ దర్జీ ఆసుపత్రి నుంచి తిరిగి రానేలేదు.

"అవు ఖాలా, మర్చిపోయిన," అన్నాను.

రంజాన్ వచ్చినా ఆమె రోజా ఉండలేకపోయింది. రోజూ అన్నంతోపాటు వేపపువ్వు చారు గోడమీద పెట్టి, దేవుణ్ణి తలుచుకుంటూ చెవులు రిక్కించేదాన్ని. అవతలి నుంచి దగ్గు ఒక్కటే వినిపించేది.

ఒక సాయంత్రం గిన్నె గోడకు ఠంగుమని తగిలింది.

"యా అల్లా, గింత చేదా! ముసల్దాన్ని చంపుతవా ఏంది బేటీ?"

"రేపు ఇంకింత వేస్త ఖాలా," అని, గోడకు ఆనుకుని దేవుడికి దండం పెట్టుకున్నాను.