గిర్ని ఎదురుగా

మా పిండిగిర్ని శాశ్వతంగా మూతపడిందని నాకు మొదట చెప్పింది ఏ.ఎస్. రావు నగర్‌లో ఉండే ఒక పాత గిరాకీ. ఏటా దీపావళి మురుకుల బియ్యం మా దగ్గరే పట్టించుకునేది. "బంద్ వెట్టిన్రంట గదా? మ్యాప్‌ల ఎర్రగ రాసున్నది. నేను వేరే దగ్గర పట్టిచ్చుకున్న," అంది ఫోన్‌లో. నా వెనక గిర్ని నడుస్తూనే ఉంది. అమ్మ కనురెప్పల మీద పిండి ఉంది.

నాన్న పోయాక ఆ గిర్ని మీదే మా ఇల్లు గడుస్తోంది. దూరం కాలనీల వాళ్లు మ్యాప్ చూసుకునే వస్తారు. పండగ ముందు వీధి దాకా ఉండాల్సిన డబ్బాల వరుస ఆ వారం గడప కూడా దాటలేదు. ఎందుకో అప్పుడు తెలిసింది.

కాప్రాలో మా గల్లీ ఇళ్ల నంబర్లు ఇళ్లు కట్టిన వరుసలో పడ్డాయి, నిలబడ్డ వరుసలో కాదు. మా నంబరుకీ పక్కింటి నంబరుకీ ఏ చుట్టరికమూ లేదు. అందుకని గల్లీ అంతా చిరునామాలో 'పిండిగిర్ని ఎదురుగా' అని రాసుకుంది. గిర్ని వెనక ఉన్నవాళ్లూ ఎదురుగా అనే రాశారు. ఎదురుగా అంటే ఏమిటో మ్యాప్‌కి తెలియదు. ఇంటి నంబరు దొరక్కపోతే, గిర్ని దొరికింది కదా అని అందరి ఇళ్ల గుర్తులూ తెచ్చి మా గడప మీద పెట్టేది. సామాన్లు తెచ్చేవాళ్లందరూ మా దగ్గరే దిగేవారు. అమ్మ చేతులు దులుపుకుని బయటికొచ్చి ఇల్లు చూపించేది. ఇంట్లో లేనివాళ్ల పొట్లాలు లోపల దాచేది. మా గిర్నిని చిరునామాలో రాసుకుంటామని మమ్మల్ని ఒక్కరూ అడగలేదు.

మూసింది ఎవరో ఎదురింటి వదిన చూపించింది, ఆవిడ ఫోన్‌లోని కాలనీ గ్రూపులో. అందులో సొంతిల్లు ఉన్నవాళ్లే ఉంటారు, మేం కిరాయివాళ్లం. కాలనీ సంఘం సెక్రటరీ, రిటైరైన పెద్దమనిషి, సలహా ఇచ్చాడు: గిర్ని మూతపడిందని అందరూ మ్యాప్‌కి చెబితే గుర్తులు అక్కణ్నుంచి లేచి ఎవరివి వాళ్ల ఇళ్లకు పోతాయని. కింద వరుసగా బొటనవేళ్లు. అమ్మ ఎవరెవరి పొట్లాలు దాచిపెట్టిందో వాళ్లందరివీ ఉన్నాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. నడుస్తున్న గిర్ని ఫొటో తీసి మ్యాప్‌కి పంపాను. చాలామంది స్థానికులు ధ్రువీకరించారు కాబట్టి మార్చలేమని జవాబు వచ్చింది. ఇరవై ఏళ్లుగా వాళ్ల గోధుమలు పట్టిన మేం ఎక్కడి వాళ్లమో చెప్పలేదు. పోనీ గుర్తులు వాళ్ల ఇళ్లకు చేరాయా అంటే అదీ లేదు. గిర్ని పోయాక మ్యాప్‌కి మిగిలింది కాలనీ పేరొక్కటే. దాన్ని పట్టుకుని అన్నిటినీ కాలనీ చివరున్న చెరువు కట్ట మీదికి పంపింది. సామాన్లవాళ్లు అక్కణ్నుంచి గిర్ని ఎక్కడని అడుక్కుంటూ మళ్లీ మా దగ్గరికే వచ్చారు. అమ్మ మళ్లీ ఇళ్లు చూపించింది. ఆ ఓర్పు చూసి నాకు అమ్మ మీద కూడా కోపం వచ్చింది.

రెండు రోజుల తర్వాత సెక్రటరీ బియ్యం డబ్బాతో వచ్చాడు.

"జెర జల్ది పట్టియ్యమ్మా, ఇంటికి చుట్టాలొచ్చిన్రు."

నేను నోరు తెరవబోయాను. అమ్మ చేత్తో ఆపి, వెళ్లి స్విచ్చి కట్టేసింది. గల్లీలో కుక్క మొరగడం కూడా వినిపించింది.

"గిర్ని బందైంది గద సారూ," అంది.

"ఏందమ్మా, గిప్పటిదాన్క నడుస్తుండె."

"ఫోన్‌ల సూడుండ్రి. మీరే మూసిన్రు."

ఆయన ముఖం మారింది. "మ్యాప్ సక్కగ గావాల్నని జేసినం. మీ మీద కోపంతోని గాదు."

"కోపంతోని జేస్తె నాకు గింత తక్లీఫ్ గాకపోవు. నేనున్ననని సుత మీకు యాదికి రాలే." అమ్మ గొంతు పెంచలేదు. "అందరు గల్సి నొక్కి మూసిన్రు. అందరు గల్సి నొక్కి తెర్వుండ్రి. అప్పటిదాన్క మోటర్ నడ్వది."

ఆయన వెనక డబ్బాలతో ఇంకో ముగ్గురున్నారు. ముగ్గురూ ఆ గ్రూపులో వాళ్లే. ఎవరూ ఎవరి ముఖం చూడలేదు. సెక్రటరీ డబ్బా కింద పెట్టి, జేబులో కళ్లద్దాలు వెతుక్కుని, ఫోన్ తీశాడు. వెనక వాళ్లూ తీశారు. అందరూ నొక్కడం అయ్యేదాకా అమ్మ స్విచ్చి దగ్గరే నిలబడింది.